పిల్లలు చూసిన క్రిస్మస్‌నే గీయనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

క్రిస్మస్ రోజు మీ పత్రిక వేసిన ప్రత్యేక పేజీ చదివాను. పండుగ గురించి గౌరవంగా రాశారు, సంతోషం. కానీ అందులోని బొమ్మలన్నీ మంచు కురిసే దేశాలవే. మంచులో సగం మునిగిన ఇళ్లు, జింకలు లాగే బండి, ఉన్ని కోటు తొడుక్కున్న తాత. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎన్ని పల్లెల్లో చర్చిలున్నాయో మీ విలేకరులకు తెలియనిది కాదు. వాటిలో ఒక్కదాని ఫొటో కూడా కనపడలేదు. ఇది చిన్న విషయమని నేనూ వదిలేసేదాన్నే, మా మనవడి సంగతి జరగకపోతే.

వాడు ఐదో తరగతి. సెలవులకు ముందు బడిలో క్రిస్మస్ మీద డ్రాయింగ్ పోటీ పెట్టారు. డోర్నకల్ దగ్గర మా పుట్టింటి ఊరి చర్చి గీశాడు. ముందర చింతచెట్టు, దాని కొమ్మకు వెదురు బద్దల స్టారు, కింద టార్పాలిన్ మీద కూర్చున్న జనం, పక్క మడిలో గొర్రెల మంద, గొంగడి కప్పుకున్న కాపరి. టీచరమ్మ చూసి, ఇందులో క్రిస్మస్ ఏదీ, ట్రీ వెయ్యి, మంచు వెయ్యి అన్నారట. వాడు చింతచెట్టును రబ్బరుతో చెరిపేసి, దాని మీద తెల్ల రంగు పూసి ఇచ్చాడు. నేనూ సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్నే. ఆ అమ్మాయిని తప్పుపట్టను. తను చూసిన కార్డుల్లో, టీవీలో, పేపర్లలో ఉన్న క్రిస్మస్ అదే మరి.

నిజానికి వాడు మొదట గీసిన బొమ్మే సువార్తకు దగ్గర. యేసు పుట్టాడన్న కబురు ముందుగా విన్నది రాత్రివేళ పొలంలో మంద కాసుకుంటున్న గొర్రెల కాపరులని లూకా రాశాడు. మా వైపు పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. వానాకాలం వరి కోతలయ్యాక, యాసంగి నాట్లు పడేలోపు, గొల్లకురుమలు కోసిన మళ్లలో రాత్రిళ్లు మంద పెడతారు. భూమికి ఎరువు దొరుకుతుందని రైతులే పిలిచి పెట్టించుకుంటారు. మా చిన్నతనంలో పెట్రోమాక్స్ లైటు పట్టుకుని, డప్పు, కంజీరలతో పక్క ఊరికి క్యారల్స్‌కు పోతుంటే గట్టు మీద వాళ్ల నెగడు కనపడేది. అక్కడ కాసేపు చలి కాచుకునేవాళ్లం. వాళ్లు కాల్చిన కందికాయలు పెడితే మేమొక పాట పాడి కదిలేవాళ్లం. ఆ కాపరుల్లో క్రైస్తవులెవరూ లేరు. ఏటా మా కోసం ఎదురుచూసేవారు మాత్రం.

మా పుట్టింటివాళ్లు సీఎస్‌ఐ, అంటే ప్రొటెస్టెంట్ల చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. అత్తగారిల్లు కాజీపేటలో ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు. క్రిస్మస్‌కు యేసు పుట్టిన పశువుల పాకను ఇంట్లో బొమ్మగా పెట్టడం నేను ఈ ఇంటికొచ్చాకే నేర్చుకున్నాను. డిసెంబరు మొదటి పక్షం దాటుతూనే మా అత్తమ్మ మట్టి మూకుళ్లలో జొన్నలు, మెంతులు చల్లేది. మూకుళ్లు పగలు ఎండలోకి, రాత్రి అరుగు మీదికి. తండాల్లో లంబాడీ ఆడపిల్లలు తీజ్‌కు గోధుమ మొలకలను ఎంత భద్రంగా చూసుకుంటారో, ఆమె వీటిని అంత భద్రంగా చూసుకునేది. పండుగనాటికి అవే పాక చుట్టూ పచ్చిక. చెరువు మన్నుతో గుట్టలు, వరిగడ్డితో కప్పు. అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్ 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే పల్లెలో మొదటిసారి పశువుల పాక కట్టించినప్పుడు కూడా ఎండుగడ్డి, ఎద్దు, గాడిద అన్నీ ఆ చుట్టుపక్కల దొరికినవే. మా అత్తమ్మకు ఈ చరిత్ర తెలియదు. అయినా సరిగ్గా అదే చేసింది.

మన పెద్దలు కూడా ఇలాగే ఆలోచించారు. ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన అజరయ్య గారు డోర్నకల్‌లో కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ అనే పెద్ద చర్చిని చూడండి. 1939లో ప్రతిష్ఠించారు. అందులో గుడి స్తంభాల పోలికా ఉంది, మసీదు మినార్ల పోలికా ఉంది. చుట్టూ ఉన్న జనం అది తమదనుకోవాలని ఆయన అలా కట్టించారు.

ఇంకో సంగతి పేపర్లు ఎప్పుడూ రాయవు. మా పల్లెల్లో క్రిస్మస్ పంట డబ్బుతో వచ్చే పండుగ. ఈ రోజుల్లో మా తమ్ముడి ఇంట్లో ముందు గదినిండా పత్తే, పిల్లలు దాని మీదే పడుకుంటారు. ఎనుమాముల మార్కెట్‌లో రేటు పడిపోయినా, కొనుగోలు కేంద్రంలో పోసిన వడ్ల పైసలు బ్యాంకులో పడటం ఆలస్యమైనా, ఆ ఏడు బట్టల షాపులో ఉద్దెర తప్పదు. అమ్మలు చీర మానుకుని పిల్లలకు కుట్టిస్తారు. డిసెంబరు వచ్చిందంటే మాకు ఉండే టెన్షన్ అది. ఆ డబ్బు చేతికందిన ఏడు ఇంట్లో గరిజెలు, మురుకులు డబ్బాలకొద్దీ చేస్తారు. బగారన్నం, మటన్ వాడకట్టంతా తింటారు. చుట్టుపక్కల హిందువుల ఇళ్లకు, ముస్లింల ఇళ్లకు మా గరిజెలు పోతాయి. సంక్రాంతికి సకినాలు, రంజాన్‌కు షీర్ ఖుర్మా మా ఇంటికి వస్తాయి.

కేకు వద్దనీ, ట్రీ వద్దనీ నేననడం లేదు. మా ఇంట్లోనూ ప్లాస్టిక్ ట్రీ ఉంది, మనవలు ముచ్చటపడి పెట్టుకున్నారు. నేను అడిగేది వేరు. మధ్యాహ్నం ముప్పై డిగ్రీల ఎండలో ఎల్‌కేజీ పిల్లలకు మఖమల్ కోటు తొడిగి, ముఖానికి దూది గడ్డం అంటించి స్టేజీ ఎక్కించకండి. చెమటకు ఉక్కిరిబిక్కిరై ఏడుస్తున్నారు పాపం. పంచె కట్టి, తలకు రుమాలు చుట్టి, చేతికి కర్రనిస్తే కాపరి వేషమైపోతుంది, ఖర్చూ లేదు. డ్రాయింగ్ పోటీ పెడితే, మీ ఇంట్లో, మీ వాడలో ఈ పండుగ ఎట్లా జరుగుతుందో అది గీయమని చెప్పండి. క్రైస్తవులు కాని పిల్లలు కూడా తమ దోస్తుల ఇళ్లలో చూసింది గీస్తారు.

మీ పత్రికకు ఒక విన్నపం. వచ్చే ఏడాది నవంబరులోనే ఫొటోలు పంపమని పాఠకులను అడగండి. చర్చి ముందు స్టారు కడుతున్న కుర్రాళ్లు, ట్రాక్టర్ ట్రాలీలో క్యారల్స్‌కు పోయేవాళ్లు, కట్టెల పొయ్యి దగ్గర గరిజెలు వేయించే అమ్మలు, ఇవన్నీ ప్రత్యేక పేజీలో వేయండి. డోర్నకల్ వైపు నుంచి, మా కాజీపేట నుంచి ఫొటోలు పోగుచేసి పంపే పని నేను చూసుకుంటాను. మా మనవడు ఆ చింతచెట్టును మళ్లీ గీస్తానన్నాడు. అది కూడా పంపుతాను, బాగుంటే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కాజీపేట, హనుమకొండ జిల్లా