చించినాడ వంతెన దిగాక ఆగిపోయిన మా ఫియట్‌ని ఇంటికి చేర్చినవాళ్ళకి

బండి ఇంటికొచ్చి ఒక రోజైంది. చేతులకి పెట్రోలు వాసన ఇంకా పూర్తిగా వదల్లేదు, నిద్రా సరిగ్గా లేదు. అయినా ఇప్పుడే రాయకపోతే రేపటి నుంచి కాలేజీ పనుల్లో పడిపోతానని కూర్చున్నాను.

మా షెడ్డులో ఇప్పటికే స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు ఒకటి ఉందని మీలో చాలామందికి తెలుసు. ఇంజను ముందుండి వెనక చక్రాలు లాగే చిన్న కార్లంటే నాకు ప్రాణం. ఫియట్ ఒకటి ఉండాలని రెండేళ్ళుగా వెతుకుతుంటే మలికిపురం వైపు ఒక ఇంట్లో, కొబ్బరికాయల కొట్టు పక్కన, 1971 నాటి ఫియట్ 1100 డిలైట్ ఉందని తెలిసింది. 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయిన బండి ఇదే. 1089 సీసీ ఇంజను, గేరు కడ్డీ స్టీరింగు పక్కన. రంగు వెలిసింది గానీ ఎవరూ చెయ్యి పెట్టి పాడు చెయ్యలేదు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీ పుస్తకంతో సరిపోయాయి. నెలనెలా స్టార్ట్ చేస్తున్నామన్నారు కదా అని శనివారం సాయంత్రం నేనూ మా తమ్ముడూ నడుపుకుంటూ బయల్దేరాం.

దిండి దాటి వంతెన దిగిన కాసేపటికే బండి నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. చీకటి పడింది, అటూ ఇటూ చెరువులు. ఎవరో ఫోన్ చేసి క్రేను బండిని పిలిపించారు. అది వచ్చి ముందు వైపు కొక్కెం తగిలించబోతుంటే టీవీఎస్ మీద వెనకాల రొయ్యల చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ మోటారు కట్టుకుని వెళ్తున్న పెద్దాయన ఒకరు ఆగారు. "ఆగండాగండి, ఇది వెనక చక్రాల బండండి. ముందెత్తి లాగితే వెనక చక్రాలతో పాటు షాఫ్టు తిరుగుతానే ఉంటదండి. ఇంజను ఆగిపోయి ఉంది కదా, గేరుబాక్సులో ఆయిలు పైకెక్కదు, పళ్ళు పోతాయి" అన్నారు. ఇన్నేళ్ళు ఈ బండ్ల వెనక తిరిగిన నాకు ఆ టెన్షన్‌లో ఆ మాటే తట్టలేదు.

బానెట్ ఎత్తి ముందు ఆయిలు చూసే కడ్డీ లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "పెట్రోలు వాసన లేదు, బతికిపోయాం" అన్నారు. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే ఏసీ పంపులో డయాఫ్రం, అంటే లోపలి రబ్బరు పొర, చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిల్లోకి దిగుతుంది, అప్పుడు ఇంజను తిప్పకూడదు. ఇక్కడ రబ్బరు ఎండి గట్టిపడి పంపు లాగడం మానేసింది, అంతే. టీవీఎస్ సంచిలోంచి చిన్న క్యానూ పైపూ తీసి, క్యాను బండి పైన క్యారియర్‌కి కట్టి, పైపు తిన్నగా కార్బురేటర్‌కి పెట్టారు. పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది. పైపు జారకుండా ఒకరు పట్టుకోవాలి, అది నేను పట్టుకున్నాను. ఆయన ముందు టీవీఎస్ మీద, వెనక మేము మెల్లగా, పాలకొల్లు దాకా.

ఆయన చిన్నప్పటి నుంచి ఫియట్ ట్యాక్సీలు నడిపిన మనిషట. ఆ రోజులు పోయాక ఏరేటర్లు బాగుచేస్తున్నారు. వాళ్ళింటి అటక మీంచి బిస్కెట్ డబ్బా ఒకటి దించారు. అందులో పౌడరు చల్లి కాగితంలో చుట్టిన కొత్త డయాఫ్రం. ఉన్నది అదొక్కటే. నేను ఆయనకి ఏమీ కాను, నా పేరు కూడా అడగలేదు. పంపు విప్పి, అది వేసి, స్టార్ట్ చేసి, చెవి పెట్టి విని, ఆ తర్వాత నా చేతులు చూసి "అమ్మాయిగారూ, పెట్రోలు మంట పుడతాది, ఇటు రండి" అని సర్ఫ్ వేసి చెంబుతో నీళ్ళు పోశారు. రెండు సార్లు పోశారు. అక్కడ నాకు ఏడుపొచ్చేసింది. పొద్దున్నుంచీ ఎవరూ నన్ను కూర్చోమని కూడా అనలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. బండిలో కూర్చుని గేరు ఒక్కసారి ఒకటి నుంచి నాలుగు దాకా వేసి చూసుకుంటానన్నారు, అంతే. గుడ్డతో డాష్‌బోర్డు తుడిచి దిగారు. అయ్యా, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

మా తమ్ముడు, మావారు, అమ్మ సరే, వాళ్ళు లేకపోతే ఏదీ లేదు.

ఒక్క మాట మాత్రం బాధతో చెప్తున్నాను. రోడ్డు మీద ఒక రాత్రిలో అయిన పని ఆర్టీఓ ఆఫీసులో రెండు నెలలుగా కావడం లేదు. 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా, అంటే పాతకాలపు బండిగా, నమోదు చేసుకోవచ్చని కేంద్రం 2021లోనే నియమాలు తెచ్చింది, తిరిగి నమోదుకి ఫీజు 5,000. ఆర్సీ పుస్తకంలో 1971 అని సిరాతో ఉంది. కంప్యూటర్లో ఎక్కించినవాళ్ళు 1977 అని కొట్టారు. దిద్దమంటే ఓనరు వచ్చి అర్జీ పెట్టాలంటారు, ఓనరు పోయారు. పోయినవాళ్ళ బండికి వేరే ఫారం, 31, అది పెడితే ముందుగా ఆ 1977ని దిద్దించుకు రమ్మంటారు. మూడుసార్లు వెళ్ళాను. వాళ్ళు కొట్టిన తప్పుకి బండి ఉన్న ఇంటి 80 ఏళ్ళ మామ్మగారిని ఆటోలో తీసుకెళ్ళి నిలబెట్టాల్సి వచ్చింది. ఇది అన్యాయం.

అన్నట్టు మామ్మగారికి కూడా దండాలు, అసలు పనిముట్ల సంచి, జాకీ సహా దాచి ఇచ్చారు. క్రేను బండి అబ్బాయి, వచ్చినందుకు రూపాయి తీసుకోలేదు. వంతెన దగ్గర బండిని రోడ్డు పక్కకి తోసిన ముగ్గురు కుర్రాళ్ళకీ దండాలు.

అయ్యో, ఆ పెద్దాయన గారి భార్యని మర్చిపోయాను. రాత్రి పదకొండింటికి పొయ్యి వెలిగించి చారు కాచి, వంకాయ కూరతో మాకిద్దరికీ అన్నం పెట్టారు. సెల్‌ఫోన్ లైటు పట్టుకుని గంట సేపు నిలబడ్డ పక్కింటి పిల్లాడు కూడా ఉన్నాడు, ఏడో తరగతట. ఈ ఆదివారం బండిలో తిప్పుతానని వాడికి మాటిచ్చాను, వస్తున్నాను.