అతిత్లాన్ కాఫీ మొక్కల నిధి: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన అందరికీ నమస్కారం. గ్వాటెమాలాలో అతిత్లాన్ సరస్సు పక్కన కాఫీ పండించే త్సుతుహీల్ మాయా రైతుల చిన్న సహకార సంఘానికి డాలస్ తెలుగువాళ్లం పంపిన డబ్బు లెక్క ఇది.

41 కుటుంబాల చందా 3,950 డాలర్లు. సంక్రాంతికి పెట్టిన ఫిల్టర్ కాఫీ స్టాల్ మీద మిగిలింది 640. మొత్తం జమ 4,590. రెండు విడతలుగా 4,400 నేరుగా సంఘం ఖాతాకు పంపాం, ఎవరి చేతికీ ఇవ్వలేదు. బ్యాంకు చార్జీలు 70 పోను మన దగ్గర నిల్వ 120. డాలరుకు 7.70 చొప్పున అక్కడ చేరింది 33,880 కెత్సాల్‌లు (గ్వాటెమాలా కరెన్సీ). కింది లెక్కంతా కెత్సాల్‌లలోనే.

పెద్ద ఖర్చు మొక్కలది. 2012–13లో ఆకు తుప్పు తెగులు మధ్య అమెరికా తోటలను ఊడ్చేసింది. అక్కడ దాన్ని రోయా అంటారు. 2013 ఫిబ్రవరిలో గ్వాటెమాలా ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించాల్సి వచ్చింది. ఈ రైతుల్లో కొందరు ఇప్పటికీ ఆనాటి నీరసపు చెట్లతోనే నెట్టుకొస్తున్నారు. తెగులును తట్టుకునే అనకాఫే 14 రకం మొక్కలు 5,200, ఒక్కోటి మూడున్నర చొప్పున 18,200 అయింది. లారీ కిరాయి 1,400.

ఆ కిరాయిలో 500 దండగ. మొదటి లోడు దిగగానే సంఘంలోని ఒక పెద్దావిడ సంచి చింపి వేరు చూశారు. తల్లివేరు కిందికి దిగకుండా కొక్కెంలా వంగి ఉంది. అలాంటి మొక్క మొదట్లో పచ్చగానే ఉంటుంది, కాపుకొచ్చే వేళకు వాడిపోతుంది. ఇంకో పది సంచులు చింపితే నాలుగింటిది అదే పరిస్థితి. ఏరి 600 మొక్కలు వెనక్కి పంపారు. నర్సరీ వేరేవి ఇచ్చింది గానీ రెండో ట్రిప్పు కిరాయి మన నిధి మీదే పడింది. డబ్బు కట్టకముందే వేర్లు చూసుకోమని మేం చెప్పాల్సింది. ఆ తప్పు కమిటీదే.

మొక్కలకని వసూలు చేసి పల్పర్ (కాఫీ పండు తొక్క తీసే మిషన్) రిపేరుకు 4,650 ఎందుకు పెట్టారని చాలామంది అడిగారు. అడగాల్సిన మాటే. కోసిన కాఫీ పండు మర్నాటికే పులిసిపోతుంది. ఆ మిషన్ లేకపోతే రైతు ఆ సాయంత్రమే దళారి చెప్పిన రేటుకు పోసి రావాలి. ఆ దళారిని అక్కడ కొయోతే అంటారు, తోడేలు జాతి జంతువు పేరు. అదే తొక్క తీసి, జిగురు పోయేలా కడిగి, ఆరబెట్టిన గింజైతే నెలల తరబడి ఆగుతుంది, ధర చూసి అమ్ముకోవచ్చు. సంఘం ఉన్నదే అందుకు. పల్పర్ డ్రమ్ము మీది రాగి రేకు అరిగి గింజలు నలిగిపోతున్నాయని డిసెంబరులో, కోతల ముందు కబురొచ్చింది. అందరినీ అడిగే టైం లేక కమిటీయే ఒప్పుకుంది.

ఆరబెట్టే మంచెలకు కర్ర, జాలీ 3,900. ఎరువు, సున్నం 2,880. ఇందులో 380కి బిల్లు లేదు, పక్క రైతు దగ్గర కొన్న ఎరువు అది. ఆయన వేలిముద్ర వేసిన కాగితం ఉంది. గుంతలు ఎవరి పొలంలో వాళ్లే తవ్వుకున్నారు, కూలి ఖర్చు లేదు. పాడేరు వైపు తోటలు తెలిసినవాళ్లు ఫొటోలు చూస్తే గుర్తుపడతారు, అక్కడా నీడకు సిల్వర్ ఓక్ చెట్లే.

మొత్తం ఖర్చు 31,030. మిగిలిన 2,850 సంఘం ఖాతాలోనే ఉంది. మే వానలకు, చచ్చిపోయిన మొక్కల చోట కొత్తవి నాటడానికి అట్టిపెట్టాం. మన దగ్గరున్న 120 డాలర్లు కూడా అందుకే పంపుదామనుకుంటున్నాం. అభ్యంతరం ఉంటే ఏప్రిల్ నెలాఖరులోగా చెప్పండి. స్పానిష్ రసీదులు, పక్కన తెలుగులో రాసిన అర్థాలతో సహా, ప్రతి ఆదివారం గుడి హాల్లో కోశాధికారి దగ్గర ఉంటాయి.