ఆంప్ గొంతు పడిపోతే ఫ్యూజు లావు చేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పండుగలు, పెళ్లిళ్లు, చర్చి కార్యక్రమాలు వరుసకట్టే రోజుల్లో చెన్నైలో గిటారు వాయించేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: పాట మధ్యలో ట్యూబు ఆంప్లిఫయర్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో శబ్దం పెంచే ఆంప్) ఉన్నట్టుండి నీరసించిపోయింది, లేదా పూర్తిగా ఆగిపోయింది. ఆ కంగారులో చాలామంది పోయిన ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుడుతున్నారు. లేదంటే ట్యూబులన్నీ ఒకేసారి కొత్తవి కొని బిగించేస్తున్నారు. మొదటిది ట్రాన్స్‌ఫార్మర్‌ని కాలుస్తుంది, రెండోది జేబు ఖాళీ చేస్తుంది. సంగీత బృందాలు నడిపేవారు, సౌండు సామాను అద్దెకిచ్చేవారు మీ పాఠకుల్లో ఉంటారు కనుక ఈ ఉత్తరం.

పైలట్ దీపమూ వెలగక, ట్యూబుల్లో ఎర్రటి వెలుగూ లేకపోతే కరెంటు లోపలికే రావడం లేదు. సాకెట్టులో వేరే దీపం పెట్టి చూడండి, పవర్ కార్డు మార్చి చూడండి, ఆ తర్వాతే ఫ్యూజు. ఫ్యూజును కంటితో చూసి తీర్పు చెప్పొద్దు, మల్టీమీటరు పెట్టండి. తీగ బాగున్నట్టే ఉండి టోపీ దగ్గర తెగి ఉండొచ్చు. పోయిందని తేలితే వెనక ప్యానెల్ మీద అచ్చేసిన విలువే వేయాలి, అదీ అంకె ముందు ‘టీ’ అక్షరం ఉండే స్లో బ్లో రకమే. ఆన్ చేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మరు, చల్లగా ఉన్న ఫిలమెంట్లు, ఖాళీ కెపాసిటర్లు కలిసి పెద్ద కరెంటు లాగుతాయి. ఫాస్ట్ ఫ్యూజు ఏ తప్పూ లేకుండానే ఆ దెబ్బకు పోతుంది. 120 వోల్టుల మీద 4 ఆంపియర్లు వేసే ఆంప్‌కు 230 మీద సుమారు సగం, అంటే 2 ఆంపియర్లు చాలు. అమెరికా నుంచి తెచ్చిన ఆంప్‌ను 230కి మార్పించి, పాత 4 ఆంపియర్ల ఫ్యూజే ఉంచేస్తే దానికి కాపలా లేనట్టే.

కొత్త ఫ్యూజు వెంటనే మళ్లీ పోతే ఇంకొకటి ఊరికే వేయకండి. ప్లగ్ తీసి, చల్లారాక పెద్ద పవర్ ట్యూబులను (ఈఎల్34, 6ఎల్6 వంటివి) ఊడదీసి అప్పుడు ఆన్ చేయండి. ఈసారి ఫ్యూజు నిలిస్తే వాటిలో ఒకటి షార్ట్ అయి ఉంటుంది, లేదా వాటి కరెంటును అదుపులో ఉంచే బయాస్ వోల్టేజీ పోయి ఉంటుంది. అప్పటికీ పోతుంటే, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ట్యూబు (జీజెడ్34, 5యూ4) ఉన్న ఆంప్‌లో దాన్నీ తీసి చూడాలి. అది తీశాక నిలిస్తే తప్పు ఆ ట్యూబులోనో, దాని తర్వాతి ఫిల్టర్ కెపాసిటర్లలోనో ఉంది. ఆ ట్యూబుకు బదులు డయోడ్లున్న ఆంప్‌లో ముందు ఆ డయోడ్లనే అనుమానించండి. వీటన్నిటి తర్వాతే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వంతు.

ఈ పరీక్షలకు ఫ్యూజులు వృథా కాకుండా పాత రేడియో మెకానిక్కుల సీరీస్ బల్బు బోర్డు వాడాలి. ఫేజ్ తీగలో 100 వాట్ల బల్బును వరసగా కలపడమే. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే ఫర్వాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. దీనికి ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు.

దీపం, ట్యూబులు వెలుగుతున్నా చప్పుడే లేదంటే స్టాండ్‌బై స్విచ్ (ట్యూబులను వెచ్చగా ఉంచి శబ్దం ఆపేది) చూడండి, తర్వాత స్పీకరు తీగ, దాని తర్వాత హెచ్‌టీ (ట్యూబులకు వెళ్లే హై వోల్టేజీ) ఫ్యూజు. మార్షల్ వంటి ఆంపుల్లో ఇది మెయిన్ ఫ్యూజు కాక వేరేగా ఉంటుంది. అది పోయినా దీపాలు మామూలుగానే వెలుగుతాయి కనుక చాలామందికి దాని ధ్యాసే రాదు.

అసలు తికమక శబ్దం సగానికి పడిపోయినప్పుడే. మొదట అనుమానించాల్సింది ట్యూబును కాదు, వెనకనున్న ఎఫెక్ట్స్ లూప్‌ను (ఎకో వంటి పెట్టెలను కలిపే సెండ్, రిటర్న్ జాక్‌ల జంట). అందులో ఏమీ గుచ్చనప్పుడు సిగ్నల్ రిటర్న్ జాక్‌లోని చిన్న స్ప్రింగు కాంటాక్టు గుండా పోతుంది. సముద్రపు గాలికి ఆ కాంటాక్టు నల్లబడి సిగ్నల్‌ను ఆపుతుంది. సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక పొట్టి కేబుల్ గుచ్చండి. శబ్దం తిరిగొస్తే తప్పు అక్కడే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, జాక్‌లో ప్లగ్‌ను పదిసార్లు ఆడిస్తే చాలావరకు సరిపోతుంది. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు. గిటారును నేరుగా రిటర్న్‌లో గుచ్చి చూడటం కూడా మంచిదే: అక్కడ గట్టిగా పలికితే పవర్ భాగం బాగుంది, రోగం ముందు భాగంలో ఉంది.

ముందు భాగమైతే ఒక మంచి 12ఏఎక్స్7 (ముందు భాగంలో వాడే చిన్న ట్యూబు) చేతిలో పెట్టుకుని చిన్న ట్యూబులను ఒక్కొక్కటిగా మార్చి చూడండి. పవర్ ట్యూబులకు అతి దగ్గరున్న చిన్న ట్యూబు సాధారణంగా ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ను ఒకదానికొకటి తిరగేసిన రెండు పాళ్లుగా పెద్ద ట్యూబులకు పంచేది). అది పవర్ భాగంలోదే కనుక రిటర్న్‌లో గుచ్చినా శబ్దం నీరసంగానే ఉంటే ముందు దాన్ని మార్చండి. తర్వాత పెద్ద ట్యూబులు. పుష్ పుల్ ఆంప్‌లో ఇవి కాడికి కట్టిన ఎద్దుల్లా జంటగా లాగాలి. ఒకటి కూలబడితే శబ్దం తగ్గడమే కాదు, గరగరలాడుతుంది. ఒకటి వెలగకపోయినా, గాజు లోపలి వైపున్న వెండి పూత తెల్లబడినా (లోపలికి గాలి చేరిందన్న గుర్తు) ఆ ట్యూబు పోయినట్టే. లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంటే మాత్రం ఆ క్షణమే ఆపేయండి.

కొత్త ట్యూబులు వేసినా శబ్దం పెరగలేదంటే స్క్రీన్ గ్రిడ్ రెసిస్టరు (పెద్ద ట్యూబులోని స్క్రీన్ అనే తీగ వలకు కరెంటు అందించేది) చూడాలి. పాత ట్యూబు షార్ట్ అవుతూ దాన్ని కాల్చేసి పోతుంది. ఫెండర్ ఆంపుల్లో మామూలుగా 470 ఓములు, మార్షల్‌లో 1 కిలో ఓమ్. మీటరులో అది తెగి కనిపిస్తే ఎంత ఖరీదైన ట్యూబు పెట్టినా కరెంటు లాగదు. ఫిక్స్‌డ్ బయాస్ (బయాస్ వోల్టేజీని విడిగా ఇచ్చే) ఆంప్‌లో ట్యూబులు మార్చినప్పుడల్లా బయాస్ సరిచేయాలి. ఈఎల్34 ప్లేటు 25 వాట్లు తట్టుకుంటుంది. 450 వోల్టుల మీద అందులో 70 శాతం లెక్కన ట్యూబుకు 39 మిల్లీ ఆంపియర్లకు మించనివ్వకూడదు.

ఛాసీ (ఆంప్ లోపలి లోహపు పెట్టె) తెరిచే పని తెలిసినవాళ్లదే. లోపల 400 నుంచి 500 వోల్టులుంటాయి, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టరు ద్వారా కొన్ని సెకన్లు దించి, మీటరులో 10 వోల్టుల లోపుకు వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసి నిప్పురవ్వలు చూపించడం నైపుణ్యం కాదు. స్పీకరు తగిలించకుండా వాయించడమూ అంతే ప్రమాదం, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట కాలిపోతుంది. స్పీకరునే అనుమానిస్తే ఆంప్ నుంచి విడదీసి మీటరు పెట్టండి. 8 ఓముల స్పీకరు 6, 7 ఓములు చూపాలి.

ఆంప్‌లో ఏ తప్పూ లేకుండా శబ్దం తగ్గడమూ ఉంది. జనరేటరు మీద కరెంటు 230 నుంచి 190 వోల్టులకు జారితే 6.3 వోల్టుల ఫిలమెంటుకు 5.2 మాత్రమే అందుతుంది, హెచ్‌టీ కూడా ఆ మేరకు పడిపోతుంది. అందుకే హాళ్లవాళ్లకు, అద్దె సామానువాళ్లకు ఒక విన్నపం: వేదిక సాకెట్టులో ఎర్త్ ఉందా అన్నది కార్యక్రమానికి ముందే చూడండి. 120 వోల్టుల ఆంప్‌లకు ఇచ్చే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో కొన్నిటికి రెండు రంధ్రాల సాకెట్టే ఉంటుంది, ఎర్త్ అక్కడే తెగిపోతుంది. గిటారు తీగ మీద చెయ్యి, మైకు మీద పెదవి ఉన్నవాడికి షాకు తగిలేది అలాంటి చోటే. ప్రతి ఆంప్ వెనకా వోల్టేజీ, ఫ్యూజు విలువ, స్పీకరు ఓములు రాసిన చీటీ అతికించండి.

ఫ్యూజులు ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచీ స్ట్రీటులో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. 20 మిల్లీమీటర్ల పొడవువి, 32 మిల్లీమీటర్లవి వేరు వేరు. పాతది పట్టుకెళ్లి, పక్కన పెట్టి చూసుకుని కొనండి.

– ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై