మనశ్శాంతి దొరికితే నమ్మింది నిజమైనట్టేనా?

అమ్ములూ,

సత్సంగంలో విన్నానంటూ నువ్వు రాసిన మాటలు మూడు. నమ్మినవాళ్ళకు మనశ్శాంతి దొరుకుతుంది. మనశ్శాంతి దొరికిందంటే నమ్మింది నిజమే. ఆ నిజాన్ని చేరుకోవడానికే మనిషి పుట్టుక. ఇలా వరసగా వినిపించేసరికి ఒకటి ఒప్పుకుంటే మిగతా రెండూ ఒప్పుకోవాల్సిందే అనిపిస్తుంది. నువ్వు తికమకపడింది అక్కడే. మొదటి మాట కొలిచి చూడదగ్గది. రెండోది తర్కంతో తేలేది. మూడోది ఏది విలువైనదో మనం నిర్ణయించుకునే విషయం. దేనికి దాన్ని విడిగా అడగాలి. లేకపోతే మొదటిదాని బలం మీద మిగతా రెండూ చెల్లిపోతాయి.

మొదటి మాటలో నిజం ఉంది. హేతువాదులమని చెప్పుకునే కొందరు దీన్ని ఒప్పుకోరు, అది సరికాదు. అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక చూడు. క్రమం తప్పకుండా ప్రార్థనలకు వెళ్ళే అమెరికన్లలో 36 శాతం మంది చాలా సంతోషంగా ఉన్నామన్నారు. ఏ మతమూ లేనివాళ్ళలో అలా అన్నది 25 శాతం. ఇంతవరకే చదివితే సత్సంగం వాళ్ళు చెప్పింది రుజువైపోయినట్టు ఉంటుంది. కానీ అదే నివేదికలో మూడో గుంపు కూడా ఉంది. మతం ఉంది, ప్రార్థనలకు మాత్రం అంతగా వెళ్ళరు. వాళ్ళలోనూ 25 శాతమే. పని చేసేది మనసులోని నమ్మకమే అయితే ఈ మూడో గుంపు మొదటి గుంపు దగ్గర ఉండాలి కదా. మతం లేనివాళ్ళ పక్కన ఎందుకు నిలబడింది?

దానికి సమాధానం చాయోన్ లిమ్, రాబర్ట్ పట్నం అనే సామాజిక శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనంలో దొరుకుతుంది. వాళ్ళు ఎంత తరచుగా వెళ్తున్నారన్నదానితో ఆగకుండా, అక్కడ నీకు దగ్గరి స్నేహితులు ఎంతమంది అని కూడా అడిగారు. ప్రతి వారం చర్చికి వెళ్తూ అక్కడ ముగ్గురి నుంచి ఐదుగురు దగ్గరి స్నేహితులున్నవాళ్ళలో 33 శాతం మంది జీవితం పట్ల అత్యంత తృప్తిగా ఉన్నామన్నారు. ప్రతి వారం వెళ్తూ అక్కడ ఒక్క స్నేహితుడూ లేనివాళ్ళలో 19 శాతం. అసలెప్పుడూ వెళ్ళనివాళ్ళలోనూ 19 శాతం. తృప్తి మనుషుల నుంచి వస్తోంది. నమ్మకం వాళ్ళను ఒకచోట కూర్చోబెడుతోంది. ఆ కూర్చోబెట్టడం చిన్న పనేమీ కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడకు. ఊరు కాని ఊళ్ళో, పరీక్షల ఒత్తిడిలో, వారానికొకసారి నీ పేరు పెట్టి పలకరించే పదిమంది దొరికారంటే అది పెద్ద సంగతే. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్ డీనర్ బృందం 2011లో అనేక దేశాల సమాచారం పోల్చి చూసింది. బతుకు కష్టంగా, అభద్రంగా ఉన్నచోట మతం ఉన్నవాళ్ళు కాస్త మెరుగ్గా ఉన్నారు. తిండికీ వైద్యానికీ భద్రతకూ లోటు లేని దేశాల్లో ఆ తేడా దాదాపు లేదు.

నీ సంగతి నువ్వే కొలుచుకోవచ్చు. ఆరు వారాలు చాలు. రోజూ ఉదయం లేవగానే, ఫోను చూడకముందే, నిన్నటి రోజుకు సున్నా నుంచి పది లోపు ఒక అంకె వెయ్యి. పాత అంకెలు కనబడకుండా పైన కాగితం అడ్డం పెట్టు, లేకపోతే నిన్నటికి ఏడు వేశాను కదా అని ఇవాళా ఏడే వేస్తావు. పక్కన రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావో, ఎంతమందితో తీరిగ్గా మాట్లాడావో రాయి. మొదటి రెండు వారాలు మామూలుగా ఉండు. తర్వాతి రెండు వారాలు సత్సంగానికి వెళ్ళు. చివరి రెండు వారాలు సరిగ్గా అదే వేళకు నీ స్నేహితురాళ్ళను కూడగట్టుకుని పాటలు పాడండి, పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి, తర్వాత కలిసి తినండి. సత్సంగంలో ఉన్నవన్నీ ఇందులో ఉంటాయి, సిద్ధాంతం తప్ప. తేడా ఎక్కడ వచ్చిందో అంకెలు చెబుతాయి.

ఇందులో దారి తప్పించేవి కొన్ని ఉన్నాయి. భజన అయిన వెంటనే అంకె వేస్తే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, అందుకే మర్నాడు ఉదయం అన్నాను. ఏ కొత్త పనికైనా మొదటి పది రోజులు ఒక ఉత్సాహం ఉంటుంది, కాబట్టి రెండో వారం అంకెలను ఎక్కువ నమ్ము. మిడ్ పరీక్షలున్న వారం లెక్కలో కలపకు. ఇది నీ ఒక్కదాని లెక్క, అందరికీ రుజువు కాదు. నీ సంగతి నీకు తెలుస్తుంది, అంతవరకే. ఇంకొకటి, సత్సంగంలో నువ్వు కలిసేవాళ్ళంతా మానేయకుండా మిగిలినవాళ్ళు. మేలు కలగక మానేసినవాళ్ళు నీకు కనబడరు. ఎవరైనా మానేసినవాళ్ళు దొరికితే ఎందుకు మానేశారో అడుగు.

ఇక రెండో మాట. మనశ్శాంతి దొరికితే నమ్మింది నిజమేనా? అదే మనశ్శాంతి నాగూర్ దర్గాలో కూర్చున్నవాళ్ళకూ దొరుకుతోంది, గుణదల మాత గుట్ట ఎక్కినవాళ్ళకూ దొరుకుతోంది, అరుణాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్ళకూ దొరుకుతోంది. దేవుడు ఒక్కడే, ఆయనకు సంతానం లేదని ఒకరి విశ్వాసం. ఆయన కుమారుడే రక్షకుడని ఇంకొకరిది. నేనూ దైవమూ వేరు కాదని మరొకరిది. ఈ మూడూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. శాంతి మాత్రం ముగ్గురికీ ఉంది. అంటే ఒకదానికొకటి పొసగని మాటల వల్ల కూడా శాంతి వస్తుందన్నమాట. అలాంటప్పుడు శాంతిని చూపించి నా మాటే నిజమని ఎవరూ అనలేరు. సత్సంగంలో ఎవరైనా ఈ వాదన ఎత్తితే ఇదొక్కటి అడిగితే చాలు.

మొక్కు ఫలించిందన్న సాక్ష్యాలు కూడా చెప్పారన్నావు. వాటిని చూడటానికి నాలుగు గళ్ళు గీసుకో. మొక్కారు, జరిగింది. మొక్కారు, జరగలేదు. మొక్కలేదు, జరిగింది. మొక్కలేదు, జరగలేదు. ఒక పరీక్ష 200 మంది రాశారనుకో. మొక్కుకున్నవాళ్ళు 120 మంది, అందులో 90 మంది పాసయ్యారు. మొక్కుకోనివాళ్ళు 80 మంది, అందులో 60 మంది పాసయ్యారు. రెండు వైపులా నూటికి 75 మందే. కానీ గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టేది ఆ 90 మంది. మైకు దొరికేదీ వాళ్ళకే. మొక్కుకుని తప్పిన 30 మందిని ఎవరూ వేదిక ఎక్కించరు. గ్రీకు దేశంలో డయాగొరస్ అనే నాస్తికుడికి, ఓడ ప్రమాదంలో మొక్కుకుని బయటపడ్డవాళ్ళు గుళ్ళో పెట్టిన చిత్రాలు చూపించి, దేవుళ్ళు మనుషుల్ని పట్టించుకోరంటావా అని అడిగారట. మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ళ చిత్రాలు ఎక్కడున్నాయని ఆయన అడిగాడట. రెండు వేల ఏళ్ళ కిందటే రోమన్ రచయిత సిసిరో రాసిపెట్టిన ముచ్చట ఇది.

ఈ గళ్ళన్నీ నింపిన పెద్ద ప్రయోగం ఒకటుంది. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది మీద హెర్బర్ట్ బెన్సన్ అనే డాక్టరు బృందం చేసింది, 2006లో ఫలితాలు వచ్చాయి. ఖర్చులో ఎక్కువ భాగం పెట్టుకున్న టెంపుల్టన్ ఫౌండేషన్ మతానికి ఎదురు నిలిచే సంస్థేమీ కాదు. రోగులను చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు. మొదటి రెండు గుంపులకూ మీ కోసం ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు అని చెప్పి, ఒక గుంపుకు మాత్రమే జరిపించారు. మూడో గుంపుకు తప్పకుండా జరుగుతుందని చెప్పి జరిపించారు. ఆపరేషన్ ముందు రాత్రి మొదలుపెట్టి 14 రోజులు ప్రార్థించారు. నెల లోపు ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్ళు, తెలియకుండా ప్రార్థన అందిన గుంపులో 52 శాతం, అందని గుంపులో 51 శాతం, తెలిసి అందిన గుంపులో 59 శాతం. మూడోది ఎందుకు పెరిగిందో రూఢిగా తేల్చలేదు. అంత ప్రార్థన అవసరమయ్యేంత ప్రమాదంలో ఉన్నానా అన్న కంగారు కావచ్చు, యాదృచ్ఛికమూ కావచ్చు. దీని పరిమితి కూడా గుర్తుంచుకో. రోగుల ఇంట్లోవాళ్ళు ప్రార్థించడాన్ని ఎవరూ ఆపలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళ ప్రార్థన అదనంగా ఏం చేసిందన్నదే ఇక్కడ తేలింది. దేవుణ్ణి పరీక్షించకూడదు అని ఎవరైనా అంటే, అది వాళ్ళ విశ్వాసం, గౌరవించు. కానీ అలా అన్నవాళ్ళు ఫలించిన మొక్కులను సాక్ష్యంగా తేకూడదు. అదీ పరీక్షే, కాకపోతే గెలిచినవే లెక్కపెట్టే పరీక్ష.

మూడో మాట నిన్ను ఎక్కువ కలవరపెట్టిందని తెలుస్తోంది. ఎనభై నాలుగు లక్షల జన్మల తర్వాత దొరికిన నరజన్మ, దీన్ని వృథా చేస్తావా అని అడిగారట. 2011లో శాస్త్రవేత్తలు భూమ్మీద 87 లక్షల జీవజాతులున్నాయని లెక్కగట్టారు, పురాణం ముందే చెప్పింది అన్న సందేశం కూడా పంపావు. ఆ అంచనా నిజంగానే ఉంది, పదమూడు లక్షలు అటూ ఇటూ కావచ్చన్న షరతుతో. బాక్టీరియాను అందులో కలపలేదు, కలిపి వేసిన అంచనాలు ఇంకెక్కడికో పోతాయి. పురాణం లెక్కను మొత్తంగా కాకుండా పద్దులుగా చూడు. నీటిలో ఉండేవి 9 లక్షలు, చెట్టూచేమా 20 లక్షలు, పురుగులు 11 లక్షలు, పక్షులు 10 లక్షలు, జంతువులు 30 లక్షలు, మనుషులు 4 లక్షలు. అన్నీ కలిపితే 84 లక్షలు. పక్షుల్లో మనకు తెలిసిన జాతులు సుమారు 11 వేలు. మనుషుల్లో ఇప్పుడున్నది ఒకటే జాతి. పద్దు పద్దులో తప్పిన లెక్క మొత్తంలో దగ్గరకు వస్తే దాన్ని సరైన లెక్క అనరు. పైగా అంకె అచ్చుగుద్దినట్టు సరిపోయినా, అందువల్ల నీ జీవితం ఫలానా పనికోసమే అని ఎలా తేలుతుంది? ఆ రెండు మాటల మధ్య దారి లేదు.

పరమార్థం ఇదీ అని చెప్పేవాళ్ళు ఒక్క మాట మీద లేరు. జీవుడూ బ్రహ్మమూ ఒకటేనని తెలుసుకోవడం అంటుంది అద్వైతం. జీవుడికీ దేవుడికీ ఉన్న తేడా ఎప్పటికీ పోదు, హరి సేవే గమ్యం అంటుంది ద్వైతం. ఆరాధన కోసమే మనుషుల్ని సృష్టించానని ఖురాన్ చెబుతుంది. సృష్టికర్త ఊసే లేకుండా దుఃఖం నుంచి విడుదల గురించి బుద్ధుడు చెప్పాడు. వీటిలో ఏదో ఒకటి నువ్వు ఎంచుకున్నావనుకో. అది మంచిదని నీకు అనిపించి ఎంచుకుంటావు, కదా? అంటే మంచేదో తూచే పని నీ దగ్గరే మొదలైంది. దేవతలు ఇష్టపడ్డారు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి దేవతలు ఇష్టపడ్డారా అని సోక్రటీసు అడిగింది దీన్నే. చెప్పింది ఎంత గొప్పవాడైనా, ఒప్పుకునే బాధ్యత నీది. ఆ బాధ్యతను ఎవరికో అప్పగించి నిశ్చింతగా ఉండొచ్చన్న ఆశే నన్ను భయపెడుతుంది.

దేవుడు లేకపోతే జీవితానికి అర్థం లేదన్నదానికి మన నేల మీదే జవాబుంది. గోరా నాస్తికుడు, ఆ కారణంగానే లెక్చరర్ ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత విజయవాడకు మార్చి, అంటరానితనం మీద జీవితమంతా పోరాడాడు. 1977 దివిసీమ ఉప్పెనలో ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయినప్పుడు ఆ కేంద్రం వాళ్ళు సహాయానికి వెళ్ళారు. అలాగే దేవుణ్ణి గట్టిగా నమ్మిన కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. నమ్మకం విషయంలో ఇద్దరిదీ చెరో దారి. బతుకులో అర్థం ఎవరికి తక్కువైంది?

కొన్ని విషయాల్లో మాత్రం మొహమాటపడొద్దు. మాత్రలు ఆపేయమన్న మాట ఎవరు చెప్పినా వినకు, మూర్ఛకైనా షుగరుకైనా. క్షయ మందులు మధ్యలో మానేస్తే ఆ క్రిమి మందుకు లొంగకుండా తయారవుతుంది. నీకో నీ గదిలో అమ్మాయికో రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, ఆసక్తి పోతే, నీ భక్తి తక్కువైందని ఎవరు చెప్పినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 14416కు ఫోను చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో చెప్పొద్దు అన్నవాళ్ళకూ, డబ్బుకు గడువు పెట్టేవాళ్ళకూ, ప్రశ్నను అహంకారం అనేవాళ్ళకూ దూరంగా ఉండు.

నువ్వు అడిగేటప్పుడు కూడా పద్ధతి ఉండాలి. మన మతాన్ని అడిగిన ప్రశ్నే పక్కవాళ్ళ మతాన్నీ అడుగు, పక్కవాళ్ళను అడిగిందే మన మతాన్నీ అడుగు. ఎగతాళి పోస్టులు పెట్టకు. అంతఃకరణ స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణం ఇస్తోంది, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవడం 51ఏ అధికరణంలో పౌరుల బాధ్యతగా ఉంది. కానీ కావాలని, దురుద్దేశంతో మత భావాలను కించపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299 కింద మూడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచు, ఎగతాళి చేసిన చోట ఎవరూ ఆలోచించరు. నానమ్మ దగ్గర ఈ చర్చ నువ్వుగా ఎత్తకు. ఆవిడ తాతయ్య ఫొటో ముందు దీపం పెట్టేటప్పుడు ఏ వాదనా చేయడం లేదు. ప్రసాదం ఇస్తే కళ్ళకద్దుకుని తిను. ఆవిడే అడిగితే మాత్రం అబద్ధం చెప్పకు.

మూడు రోజుల శిబిరానికి వెళ్ళాలా అని అడిగావు. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. ఫీజు ఎంతో, మధ్యలో రావాలంటే వదులుతారో లేదో, ఫోను తీసుకుంటారో లేదో ముందే కనుక్కుని నాకు రాయి. అంకెల పుస్తకం వెంట తీసుకెళ్ళు, అక్కడి ఉదయాలకు కూడా వెయ్యి. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని సగటు తీద్దాం.

ప్రేమతో,
నాన్న