పుస్తకం మూసి అడగండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షల కాలం దగ్గరపడేసరికి పత్రికల్లో రెండు రకాల ప్రకటనలు పక్కపక్కనే కనిపిస్తాయి. జ్ఞాపకశక్తిని పెంచుతామనే టానిక్కులవి ఒక రకం, తెల్లవారుజామున నాలుగింటికి లేపి రాత్రి పదకొండు దాకా చదివిస్తామని గొప్పగా చెప్పుకునే హాస్టళ్ళవి రెండో రకం. రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. జ్ఞాపకమంటే డబ్బా అనీ, దాన్ని పెద్దది చేయాలి లేదా ఇంకాస్త కుక్కి నింపాలి అనీ ఆ నమ్మకం. విజయవాడ రైల్వే మెయిల్ సర్వీసులో 36 ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన ఉద్యోగిని నేను. గుర్తుపెట్టుకోవడమే పనిగా జీతం తిన్నవాణ్ణి కనుక, ఈ నమ్మకంలో తప్పెక్కడుందో నాకు తెలిసినంతలో రాయాలనిపించింది.

మా కింది వాటావారి కుర్రవాడు నగరంలోనే ఒక కళాశాల హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తండ్రి భౌతికశాస్త్రంలో ఒక నిర్వచనం అడిగితే సగం చెప్పి ఆగిపోయాడు. "రాత్రి నాలుగుసార్లు చదివావు కదరా, బుర్ర ఎక్కడ పెట్టావు?" అని ఆయన విసుక్కుంటే వాడు తల దించుకున్నాడు. నేను ఆ పుస్తకం తీసి చూశాను. పేజీ పేజీకీ పసుపుపచ్చ హైలైటర్ పూసి ఉంది, గీత పడని వాక్యం కోసం వెతుక్కోవాలి. అరగంట గడిచాక మేడమీద గాలిపటం దారం చుడుతూ వాడే వచ్చి ఆ నిర్వచనాన్ని పొల్లుపోకుండా నాకు అప్పజెప్పాడు. అంటే పోయిందనుకున్నది పోలేదు, తండ్రి ముందు నిలబడ్డప్పుడు దాని దగ్గరికి దారి దొరకలేదు, అంతే. భయపడ్డప్పుడూ ఒత్తిడిలో ఉన్నప్పుడూ శరీరంలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను, తెలిసిన సంగతిని కూడా గుర్తుకు రానివ్వదని శాస్త్రజ్ఞులు గుర్తించారు. కాబట్టి తిట్టి గుర్తుచేయించాలనుకునే తండ్రి తన పనిని తానే చెడగొట్టుకుంటున్నాడు.

నేను 1975లో చేరేనాటికి పిన్‌కోడ్ వచ్చి మూడేళ్ళయింది కానీ రాసేవారు తక్కువ. ఊరి పేరు, మహా అయితే 'వయా' ఫలానా అని ఉండేది. వందల ఊళ్ళ పేర్లు, ఏ ఊరి ఉత్తరం ఏ గడిలో పడాలో, చూడగానే తెలియాలి. జాబితా ఇంటికి తెచ్చుకుని పది రోజులు చదివాను, డ్యూటీకి వెళ్ళి గళ్ళ ముందు నిలబడితే చెయ్యి ఆడలేదు. నాకు పని నేర్పిన పెద్దాయన టీ తాగేటప్పుడు నా చేతిలోని జాబితా లాక్కుని, "వేటపాలెం ఏ గడి? కొల్లూరు ఏ గడి?" అని అడిగేవారు. చెప్పలేకపోతే వెంటనే చెప్పేవారు కాదు, కాసేపు తన్నుకులాడనిచ్చేవారు. తప్పు చెప్పిన ఊరిని మర్నాడు మళ్ళీ అడిగేవారు, ఆ తరవాత నాలుగు రోజులాగి అడిగేవారు. నెల తిరిగేసరికి జాబితా అవసరమే లేకపోయింది.

ఆయన ఏ పుస్తకమూ చదివి చేసిన పని కాదది. కానీ అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం అచ్చంగా ఇదే చెప్పింది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు, మరికొందరు ఒక విడత చదివి మిగిలిన మూడు విడతలూ చూడకుండా రాశారు. అయిదు నిమిషాల తరవాత అడిగితే చదివినవారిదే పైచేయి. వారం తరవాత అడిగితే, నాలుగు విడతలూ చదివినవారికి సుమారు 40 శాతం, చూడకుండా రాసినవారికి సుమారు 61 శాతం గుర్తుంది. ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన విషయం మరొకటి ఉంది. తమకు బాగా గుర్తుంటుందని ముందుగా ధీమాగా అనుకున్నది పదేపదే చదివినవారే. చదివిన వాక్యం మళ్ళీ కంటపడినప్పుడు తెలిసినట్టే ఉంటుంది, ఆ తెలిసినట్టుండడాన్నే వచ్చేసిందని పొరపడతాం. మా కుర్రవాడి పసుపు గీతల రహస్యం అదే.

మరచిపోవడం గురించి తొలిసారిగా లెక్క కట్టినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థం లేని అక్షరాల గుంపులను రెండు వేలకు పైగా తయారుచేసుకుని, తన మీద తానే ఏళ్ళ తరబడి ప్రయోగం చేసుకుని, 1885లో ఫలితాలు అచ్చువేశాడు. ఆయన గీసిన మరపు రేఖ మొదటి గంటలోనే సగానికి పైగా దిగజారుతుంది, ఒక రోజు గడిచేసరికి మూడో వంతు మిగులుతుంది, నెల గడిచినా అయిదో వంతు నిలిచే ఉంటుంది. ఈ లెక్కను చూపించి పిల్లలను బెదరగొట్టేవారు, ఆయన కొలిచినదేమిటో మాత్రం చెప్పరు. ఎంత గుర్తుందని కాక, మళ్ళీ నేర్చుకోవడానికి మొదటిసారి కన్నా ఎంత శ్రమ తగ్గిందని ఆయన కొలిచాడు. పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిందనుకున్నది కూడా రెండోసారి తేలికగా పట్టుబడుతుందని దాని అర్థం. మూడు నెలల కిందటి పాఠం సున్నా అయిపోయిందని ఏడ్చే పిల్లవాడికి ఈ ఒక్క మాట చెబితే సగం దిగులు తీరుతుంది.

మరపుకు కాలం గడవడం ఒక్కటే కారణం కాదు. ఒకదాన్నొకటి పోలిన విషయాలు అడ్డుపడడం అంతకన్నా పెద్ద కారణం. కొత్తలో నా చేతిలో దారి తప్పిన ఉత్తరాల్లో నరసాపురానివీ నరసరావుపేటవే ఎక్కువ. పశ్చిమగోదావరి ఎక్కడ, అప్పటి గుంటూరు జిల్లా ఎక్కడ, అయినా మొదటి మూడక్షరాలూ దాదాపు ఒకటే కదా. పాతది కొత్తదానికి అడ్డుపడడమూ ఉంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది, నేను మాత్రం చిరునామా రాయబోతే ఇప్పటికీ 'కృష్ణా జిల్లా' అనే రాసి కొట్టేస్తున్నాను. ఒకే పూట ఒకే రకం సూత్రాలను వరసపెట్టి వల్లె వేయించే టైంటేబుల్ తయారుచేసేవారు ఈ సంగతి ఆలోచించాలి.

నిద్ర విషయమూ అంతే. 1924లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవారు, నేర్చుకున్న తరవాత నిద్రపోయినవారికి మెలకువగా ఉన్నవారికన్నా ఎక్కువ గుర్తుంటుందని చూపారు. నిద్రలో మెదడు పగటి సంగతులను మళ్ళీ తిరగేసుకుంటుందని తరవాతి పరిశోధనలు తేల్చాయి. రాత్రి పదకొండు దాకా చదివించి నాలుగింటికి లేపడమంటే, పొయ్యి మీద అన్నం ఉడకకముందే దించి వడ్డించడం.

డబ్బా సంగతికి వస్తాను. 1953లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ అమెరికన్ యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి శస్త్రచికిత్స చేసి, మెదడులో రెండు వైపులా కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ భాగాన్ని చాలావరకు తొలగించారు. ఆనాటి నుంచి 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త మనిషి, కొత్త సంగతి గుర్తుండలేదు. అయితే బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయిస్తే, రోజురోజుకూ చెయ్యి సాఫుగా తిరిగింది, అంతకుముందు ఆ పని చేసినట్టు మాత్రం ఆయనకు గుర్తులేదు. అంటే జ్ఞాపకం ఒకే డబ్బా కాదు, మాటల్లో చెప్పుకునే జ్ఞాపకం వేరు, చేతికి పట్టుబడే జ్ఞాపకం వేరు. మొన్న మాటల మధ్య ఒకాయన తెనాలి గడి ఏ వరసలో ఉండేదని అడిగితే నోటికి రాలేదు, ఆలోచిస్తూ ఉండగానే నా కుడిచెయ్యి ఎడమవైపు కిందికి పోయింది.

జ్ఞాపకం ఉన్నది ఉన్నట్టు దాగి ఉంటుందన్నదీ నిజం కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి నేను డ్యూటీలో ఉన్నాననీ, అవనిగడ్డ సంచులు పక్కన పెట్టించాననీ నలభై ఏళ్ళకు పైగా చెప్పుకుంటూ వచ్చాను. నాతో పనిచేసిన మిత్రుడు ఈమధ్య విని, ఆ వారం నువ్వు సెలవులో ఉన్నావు, సంచుల సంగతి నీకు చెప్పింది నేనే అన్నాడు. పోట్లాడి, అటక మీది డైరీ దించి చూస్తే సెలవు నిజమే. ఇది నా ఒక్కడి జబ్బేమీ కాదు. 1986 జనవరిలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు, ఆ వార్త ఎలా విన్నారో విద్యార్థుల చేత రాయించి దాచిన అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రెండున్నరేళ్ళ తరవాత మళ్ళీ అడిగితే చాలామంది వేరే కథను గట్టి నమ్మకంతో చెప్పారు. తలచుకున్న ప్రతిసారీ జ్ఞాపకాన్ని మళ్ళీ కట్టుకుంటాం, ఆ కట్టడంలో ఎవరో చెప్పిన ఇటుకలు కూడా చేరతాయి.

గుర్తుకు తెచ్చుకోవడానికి ఆనవాళ్ళు కావాలన్న సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. పద్యం నిలిచినట్టు వచనం నిలవకపోవడానికి కారణం రాగం ఒక్కటే కాదు. ప్రాస నియమముంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఏమిటో తెలుసు, యతి ఉంటే ఏ అక్షరానికి మైత్రి కుదరాలో తెలుసు, గణం తప్పితే చెవికే తెలుస్తుంది. మరచిన మాట ఒకటున్నా అక్కడ ఇమడగలిగేవి రెండో మూడో మాత్రమే మిగులుతాయి. తిరుపతి వేంకట కవులు ఊరూరా చేసిన శతావధానాల్లో ధారణ చూసి జనం ముక్కున వేలేసుకున్నారు, ఆ ధారణకు ఛందస్సు ఎంత ఊతమో అవధానం చేసినవారికి తెలుసు. పిల్లలకు ఎక్కాలు రాగం తీసి చెప్పించిన బడిపంతులుకూ తెలుసు.

మా వయసువారి గురించి ఒక్క మాట. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం వేరు, కళ్ళజోడు ఎందుకో తెలియకపోవడం, రోజూ తిరిగే వీధిలో ఇంటిదారి తప్పడం వేరు. రెండోది కనిపిస్తే టానిక్కు సీసా కొనకుండా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత వంటి చికిత్స ఉన్న కారణాలు కూడా ఉండవచ్చు.

పరీక్షల పేజీలో మాదిరి ప్రశ్నలు వేసే చోట రోజుకొక చిన్న పెట్టె కేటాయించి, అంతకుముందు రోజూ, వారం కిందటా వేసిన పాఠాల నుంచి జవాబులు లేని అయిదు ప్రశ్నలు మాత్రమే ఇవ్వవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. జవాబులు మూడోనాడు వేస్తే చాలు. హాస్టళ్ళ యాజమాన్యాలు రాత్రి చివరి గంట చదువును తీసేసి, అందులో అరగంట పుస్తకాలు మూయించి తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయించి, మార్కులు వేయకుండా, పిల్లలను పడుకోనివ్వాలని మనవి. మా కింది వాటా కుర్రవాడు సెలవుల్లో మిగిలిన నాలుగు రోజులూ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నా చేత ప్రశ్నలు అడిగించుకున్నాడు. నాకు భౌతికశాస్త్రం రాదు, పుస్తకం చూసి అడగడానికి అది రానక్కరలేదు.

భవదీయుడు,
విశ్రాంత ఆర్.ఎం.ఎస్. సార్టింగ్ అసిస్టెంట్,
సత్యనారాయణపురం, విజయవాడ.