సైకిలు చిన్న కారు కాదు

సంపాదకునికి,

కూడళ్లు కట్టకముందే రాకపోకలను కంప్యూటర్‌లో నడిపి చూడడం ఇప్పుడు మామూలే. ఆ నమూనాల్లో సైకిలుది మాత్రం సవతి బిడ్డ బతుకు. ‘సుమో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సైకిలును సాధారణంగా నెమ్మదైన వాహనంగానో, వేగమైన పాదచారిగానో చూపుతారు. అది ఈ రెండూ కాదు!

1992 నాటి నాగెల్–ష్రెకెన్‌బెర్గ్ నమూనా రోడ్డును గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒక్క కారుకే చోటిచ్చింది. ఒకదాని వెనుక ఒకటి వెళ్లే కార్లకు అది చాలు. సైకిలు తొక్కేవారి తీరు వేరు. ఎర్రదీపం దూరం నుంచే కనిపిస్తే తొక్కడం ఆపేసి, కాలు కింద పెట్టే పని పడకుండా మెల్లగా దొర్లుకుంటూ వస్తారు. ఆగి మళ్లీ కదలడానికి ఖర్చయ్యేది పెట్రోలు కాదు, పిక్కల బలం. పైగా మరీ నెమ్మదిస్తే సైకిలు అటూ ఇటూ ఊగుతుంది. వేగం తగ్గినప్పుడే దానికి ఎక్కువ వెడల్పు కావాలి. కార్ల లెక్కలో ఇది తలకిందుల సంగతి. వెనుక బస్సు హారన్ మోగితే అంచుకు జరిగిపోవడం సరేసరి, ఆ భయాన్ని అంకెల్లో పెట్టడం నిజంగానే కష్టం.

కాబట్టి ఏ కూడలి పథకాన్నైనా ప్రజల ముందు పెట్టేటప్పుడు, అందులో సైకిళ్లను ఏ లెక్కన కదిలించారో అధికారులు రాతపూర్వకంగా చెప్పాలి.

– ఒక పాఠకుడు