ఆకుపచ్చ దారంతో కుట్టిన బంతులు వెనక్కి తెచ్చెయ్యండి

విజయనగరం గంటస్తంభం దగ్గర మా షాపులో జాకెట్లు కుట్టించుకునేవాళ్ళకీ, ఆదివారం సాయంత్రం అయోధ్య మైదానంలో మాతో కలిసి బంతులు ఎగరేసేవాళ్ళకీ కలిపి రాస్తున్నాను. మీలో చాలామంది అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

ముందు నా తప్పు చెప్పేస్తాను. ఈ శ్రావణంలో నేను అమ్మిన జగ్లింగ్ బంతుల్లో (వరసగా గాల్లోకి ఎగరేసి పట్టే గుడ్డ బంతులు, సెట్టుకి మూడు) 44 సెట్లు, అంటే 132 బంతులు, పాడైపోయాయి. పురుగు పట్టింది. కంటోన్మెంట్ నుంచి వచ్చే ఒకావిడ మొదట పట్టుకొచ్చారు. "ఏటమ్మా, ముట్టుకుంటే పిండి రాలతంది, గుంటడి మంచం నిండా పురుగులే" అన్నారు. ఆవిడ ఎదురుగానే కత్తెర మొనతో మూతి కుట్టు విప్పి కటింగ్ బల్ల మీద బోర్లించాను. తెల్లటి పిండి, చిల్లులు పడ్డ నూకలు, వాటి మధ్య నల్లటి ముక్కుపురుగులు మెల్లగా నడుస్తున్నాయి. సిగ్గుతో నాకు మాట రాలేదు.

ఎందుకు జరిగిందో కూడా చెప్పాలి. మామూలుగా నేను బంతుల్లో చోళ్ళు, అంటే రాగులు, పోస్తాను. చోడిగింజ సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి బంతి అరచేతిలో పడగానే కాస్త అణిగి అక్కడే కూర్చుంటుంది, చిందిపోదు. బాగా ఎండబెడితే ఏళ్ల తరబడి నిలవుంటాయి కూడా. మన పెద్దవాళ్ళు కరువు రోజులకని చోళ్ళు దాచుకున్నది అందుకే. శ్రావణం హడావిడిలో చోళ్ళు అయిపోయాయి. బజారుకి వెళ్ళే తీరిక చేసుకోకుండా ఇంట్లో ఉన్న బియ్యపు నూకలు పోసేశాను. ఆ వారమంతా ముసురు. ఒక్కపూట కూడా ఎండకి పెట్టలేదు. నూకలకి పురుగు త్వరగా పడుతుందని వంట చేసే మనిషిగా నాకు తెలుసు. తెలిసీ చేశాను.

మూతి దగ్గర ఆకుపచ్చ దారం కనిపిస్తే అది ఆ విడత బంతే. మిగతా వాటన్నిటికీ తెల్లదారమే వాడాను, వాటికి భయం లేదు. ఆకుపచ్చ దారం బంతుల్ని బియ్యం డబ్బాకి దూరంగా ఉంచి, పాలిథిన్ కవర్లో ముడేసి తెచ్చెయ్యండి. రసీదు అక్కర్లేదు. మూడింట్లో ఒకటి పోయి రెండే మిగిలినా పూర్తి సెట్టు ఇస్తాను. డబ్బులే కావాలంటే 240 రూపాయలూ ఇచ్చేస్తాను. ఇప్పటికే చెత్తలో పడేసినవాళ్ళు కూడా మొహమాటపడకుండా రండి, మీ మాట చాలు. ఇంతవరకు 27 సెట్లు వెనక్కి వచ్చాయి.

ఇకనుంచి కొత్తగా కొనేవాళ్ళకి సెట్టు 280 రూపాయలు. ఈ నష్టాన్ని మీ మీద రుద్దడం లేదు. ఇంతకుముందు నేను నా పనికి కూలి లెక్క కట్టుకోలేదు, ఇప్పుడు కట్టుకుంటున్నాను, అంతే. బంతి అడ్డంగా 65 మిల్లీమీటర్లు, బరువు 115 గ్రాములు. నాలుగు ముక్కలు కత్తిరించి, మిషను మీద ప్రతి కుట్టూ రెండుసార్లు వేసి, తిరగేసి, గరాటుతో చోళ్ళు పోసి, బల్లకేసి తట్టి, సర్దుకున్నాక మళ్ళీ కొంచెం పోసి, తూచి, మూతి చేత్తో కుట్టేసరికి ముప్పావుగంట పడుతుంది. ఆ తట్టి పోయడంలోనే బంతి మంచీ చెడూ ఉంది. మరీ బిగిస్తే రాయిలా ఉంటుంది, వదులైతే గాల్లోనే ఆకారం మారుతుంది. మూడూ ఒకే బరువు లేకపోతే నేర్చుకునేవాళ్ళ చెయ్యి మోసపోతుంది. తప్పు తమదే అనుకుని మానేస్తారు. అది నాకు బాధ.

జాకెట్ల ఆలస్యం గురించి. "ఆవిడ మైదానంలో బంతులాడుకుంటోంది, మన జాకెట్లు అలాగే ఉన్నాయి" అని ఒకరిద్దరు అన్నారట. మైదానానికి నేను వెళ్ళేది వారంలో ఒక్క సాయంత్రం, అదీ షాపు సెలవు రోజు. నా దగ్గర కుట్టే ఇద్దరిలో ఒకమ్మాయి పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఆ సంగతి ముందే తెలిసి కూడా వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన ఆర్డర్లన్నీ ఒప్పుకున్నాను. ఆలస్యానికి అదే కారణం. దసరాకి మాత్రం లెక్కపెట్టి 60 జాకెట్లే తీసుకుంటున్నాను, నలభై ఇప్పటికే వచ్చేశాయి. పైడితల్లమ్మ పండగలో తొలేళ్ళ రోజూ సిరిమాను రోజూ షాపు తియ్యను.

ఇంకొకటి. సెట్టుతో పాటు ఇచ్చే చీటీ మీద "జ్ఞాపకశక్తి పెరుగుతుంది" అని వేయించాను. అది తీసేస్తున్నాను. 2004లో జర్మనీ పరిశోధకులు మూడు నెలలు మూడు బంతులు నేర్చుకున్నవాళ్ళ మెదడును స్కాన్ చేస్తే, కదిలే వస్తువుల్ని కళ్ళతో పట్టే భాగం కొద్దిగా పెరిగినట్టు కనిపించింది. సాధన మానేశాక అది మళ్ళీ తగ్గింది. వాళ్ళు చూసింది అది. పిల్లల మార్కుల గురించి అందులో ఏమీ లేదు. మార్కుల ఆశతో కొన్నవాళ్ళుంటే వాళ్ళకీ డబ్బులు వెనక్కి ఇస్తాను.

మరి ఎందుకు నేర్చుకోవాలి అంటే, నాకు తెలిసినది చెబుతాను. రెండేళ్ల కిందట ఒక కాలేజీ అబ్బాయి చిరిగిన బంతి కుట్టమని తెచ్చాడు. కుట్టి ఇచ్చాక, బాగుందో లేదో చూస్తానని అక్కడే మూడూ ఎగరేశాడు. చిన్నప్పుడు అరుగు మీద గచ్చకాయలు ఎగరేసి పట్టిన చెయ్యి నాది, ఊరుకోలేకపోయింది. కటింగ్ బల్ల ముందు నిలబడి నేర్చుకున్నాను. బంతి బల్ల మీదే పడుతుంది కాబట్టి నడుం వంచి ఏరుకునే బాధ ఉండదు. కొత్తవాళ్ళకి ఇప్పటికీ అదే చెబుతాను, మంచం ముందు నిలబడమని. కంటి ఎత్తుకి వెయ్యాలి, అంతకు మించి అక్కర్లేదు. అందరూ మొదట చేసే తప్పు ఒకటే: రెండో బంతిని ఎగరెయ్యకుండా చేతిలోంచి చేతిలోకి అందించేస్తారు. ఆ అలవాటు మానుకుంటే సగం వచ్చినట్టే.

మిగతా సగం నాకు వచ్చింది మన సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునే అమ్మాయి వల్ల. నేను చేతులు చూసుకుంటూ తికమకపడుతుంటే ఆ అమ్మాయి పక్కన కూర్చుని "తకిట తకిట" అని చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరానికి ఒక్కో బంతి, కుడి ఎడమ మార్చి మార్చి. ఎర్ర బంతి ఎప్పుడూ "త" మీదే వస్తుంది, కానీ ఒకసారి కుడిచేత్తో, మరోసారి ఎడమచేత్తో. మూడు బేసి కదా, అందుకే బంతి చేతులు మారుతుంది. నాలుగు బంతులైతే "తకధిమి". సరిసంఖ్య కాబట్టి ఏ చేతి బంతి ఆ చేతికే తిరిగొస్తుంది. ఐదైతే "తకతకిట", మళ్ళీ చేతులు మారతాయి. ఆ రోజు నా ఒళ్ళు పులకరించింది. చేతులతో, కాళ్ళతో వేర్వేరు తాళాలు ఒకేసారి వేసిన ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కళాశాల అది. ఆయన ఊళ్ళో ఉంటూ ఇది నేను బంతులతో తెలుసుకున్నాను.

ఆడవాళ్ళకి ఈ సర్కస్ పనులేమిటని అడుగుతుంటారు. ఈజిప్టులో బెని హసన్ అనేచోట దాదాపు 4,000 ఏళ్ల నాటి సమాధి గోడ మీది బొమ్మల్లో బంతులు ఎగరేస్తున్నవాళ్ళు ఆడవాళ్ళే. జపాన్‌లో ఆడపిల్లలు చిన్న గుడ్డ సంచుల్లో గింజలు పోసి ఎగరేసి ఆడే ఆటని ఒటెడామా అంటారు, అది మన గచ్చకాయలకి చుట్టమే. సర్కస్ అంటారా, వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, సొంత సర్కస్ పెట్టి ఛాతీ మీద ఏనుగును మోసిన కోడి రామ్మూర్తి నాయుడుగారి సీమ ఇది. ఇక్కడ సర్కస్ అనే మాటకి తలదించుకోవలసిన పని లేదు.

ఆదివారం కలవడానికి డబ్బులు పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. పెట్టను. నా బంతులే కొనాలని కూడా లేదు, ఇంట్లో నిమ్మకాయలు తెచ్చుకున్నా నేర్పుతాం. నిప్పుతో చేసేవి మాత్రం పిల్లలు ఎంత అడిగినా మా దగ్గర ఉండవు.

పోయిన ఆదివారం పురుగుల బెంగతో వెళ్ళబుద్ధి కాలేదు. మాతో ఆడే రిటైరైన టీచరుగారు ఫోన్ చేసి "రామ్మా, ఆరు బంతులు నేను తెస్తాను" అన్నారు. ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. నా కుడిచేతి బంతి ఆవిడ ఎడమచేతికి, ఆవిడది నా ఎడమచేతికి, మధ్యలో ఎవరివి వాళ్ళకి. నాలుగు నెలలుగా పది దాటని లెక్క. చూపు బంతి పైకి వెళ్ళి ఆగే చోట ఉంచితే ఎదుటి మనిషి ఊపిరి కూడా తెలుస్తుంది. ఇరవై రెండు దాకా వెళ్ళాం. సన్నటి చినుకు మొదలైనా ఆవిడ లెక్క ఆపలేదు. బంతి కింద పడ్డాక "ఇది తెల్లదారందేనమ్మా" అని తీసి చూపించారు.

చోళ్ళు 16 కిలోలు తెచ్చాను. డాబా మీద రెండు ఎండలు పడ్డాయి, మూడోది కూడా పడనిచ్చి నింపుతాను. మంగళవారం నుంచి మార్చి ఇస్తాను. మైదానానికి ఆదివారం ఐదున్నరకి.